నేలకు నలభై రోజుల సెలవు

బోడిమిట్ట సంగం చేనుకు ఆ ఏడు ఉగాది నాడు సెలవు మంజూరైంది. చేనులో పనిచేసే ఇరవై రెండు మంది ఆడవాళ్లకు కాదు, చేనుకే.

ఈ వార్త మోసుకొచ్చినవాడు క్షేత్ర సహాయకుడు మస్తాన్ వలీ. ఇంకో ఏడాదిలో రిటైరు కావలసిన మనిషి. అందుచేత పైనుంచి ఏ కాగితం వచ్చినా కళ్లకద్దుకుని కిందికి చేరవేస్తాడే తప్ప దాని మంచిచెడ్డల జోలికి పోడు. అతను వచ్చేసరికి సంగం పెద్ద సుంకమ్మ గట్టు మీద పాత చీర పరిచి, పచ్చడిలోకి వేపపూత దులుపుతోంది. ఏం కాగితమని ఆమె అడిగితే మస్తాన్ వలీ గొంతు సవరించుకుని చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, బోడిమిట్ట సామూహిక పునరుజ్జీవన సేద్య క్షేత్రమునందలి ఏడు ఎకరముల భూమి, అనాదిగా ఒక్క దినమైనను సెలవు వినియోగించుకొనక నిరంతర విధి నిర్వహణలో ఉన్నందున, సదరు భూమికి ఉగాది మొదలు నలభై దినములు సంపాదిత సెలవు మంజూరు చేయడమైనది. సెలవు కాలములో సదరు భూమిని ఎవ్వరును ఏ పనికిని పిలువరాదు, కదల్చరాదు, తవ్వరాదు, పీకరాదు."

చివరి మాట దగ్గర సుంకమ్మ చెయ్యి ఆగిపోయింది. దున్నకూడదంటే ఆమెకు దిగులు లేదు, సంగం చేనులో నాగలి పెట్టి అయిదేళ్లయింది. అంతకుముందు అది గులకరాళ్ల బీడు. దున్నకుండా, ఎండాకు కప్పి, ఏడాది పొడుగునా ఏదో ఒక పైరు వేరు నేలలో ఉండేలా చూసుకుంటూ ఆ ఆడవాళ్లే దాన్ని మట్టిగా మార్చారు. ఇప్పుడు పిడికిట్లో పట్టుకుంటే చెమ్మ తగులుతుంది. వసంతం వచ్చిందంటే వాళ్లకు చేతినిండా పని. జీవామృతం కలపాలి, కానుగాకు కోసుకొచ్చి పరవాలి, తొమ్మిది రకాల గింజలకు బంకమన్ను పట్టించి ఉండలు చుట్టి ఆరబెట్టాలి. అన్నిటికంటే ముందు బోరు పక్కనున్న ఇరవై సెంట్ల మడిలో వేరుశనగ పీకాలి.

ఆ ఇరవై సెంట్లలోనే సుంకమ్మ ప్రాణమంతా ఉంది. అది మూడు గింజల ఎర్ర గుత్తి రకం. ఆమె అత్త కాటికి పోయే ముందు మంచంలో ఉండి కూడా బూడిద కలిపి కుండలో దాచిన విత్తనం. రెండేళ్ల కరువులో ఊళ్లో అందరి ఇళ్లల్లోనూ ఆ గింజ అయిపోయింది. సుంకమ్మ కుండలో అడుగున మిగిలిన దోసెళ్లతో ఈ మడి వేశారు. ఇది చేతికొస్తే ఇరవై రెండు ఇళ్లకూ విత్తనం. గుత్తి రకంతో వచ్చిన చిక్కేమిటంటే దానికి ఓపిక తక్కువ. కాయ ముదిరాక ఒక్క గట్టి వాన పడిందా, నేలలో ఉన్నది ఉన్నట్టే మొలకెత్తేస్తుంది. ఇక అది విత్తనమూ కాదు, తిండీ కాదు.

"చెనిక్కాయ పీకల్ల గదప్పా, వచ్చే వారం" అంది సుంకమ్మ.

మస్తాన్ వలీ కాగితం తిరగేసి మరగేసి చూశాడు. నలభై రోజుల దాకా కుదరదన్నాడు. దరఖాస్తు పెట్టుకున్నది నేలే కదా అని కూడా అన్నాడు. అప్పుడు సుంకమ్మకు గుర్తొచ్చింది. నెల కిందట ఇతనే ఒక కాగితం తెచ్చి, చేనులో పిడికెడు తడిమట్టి తీసి దాని మీద అద్దమన్నాడు. భూసార పరీక్షకేమో అనుకుని ఆమె అద్దింది. అది నేల తన సెలవు దరఖాస్తు మీద పెట్టిన సంతకమట.

ఈ సెలవును కనిపెట్టినవాడు ఉప సంచాలకులు చక్రపాణి గారు. ఆయన్ను చెడ్డవాడనడానికి లేదు. ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో కూర్చుని సెలవు దరఖాస్తులు పరిష్కరించిన మనిషి. సాధారణ సెలవు, సంపాదిత సెలవు, సగం జీతం సెలవు, పిల్లలు పుట్టినప్పటి సెలవు, ఏది ఎన్నాళ్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అటువంటి ఆయనకు పదోన్నతి ఇచ్చి నేల పునరుజ్జీవన విభాగంలో వేశారు. మొదటి మూడు నెలలూ ఎవరేం మాట్లాడుతున్నారో ఆయనకు అంతుపట్టలేదు. ఒకనాడు శిక్షణ తరగతిలో ఎవరో "నేలకు విశ్రాంతి కావాలి" అన్నారు. ఆ మాట చెవిన పడగానే చక్రపాణి గారికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు తనకు తెలిసిన విషయం ఒకటి దొరికింది. అక్కడికక్కడే కాగితం తీసుకుని, నేల ఖాతాలో సృష్టి మొదలు ఇప్పటిదాకా పోగుపడిన సెలవెంతో లెక్క వేశాడట. ఆ అన్యాయానికి కళ్లు చెమర్చాయని చూసినవాళ్లు చెబుతారు.

ఉగాది వెళ్లిన మూడోనాడు ఆయనే స్వయంగా బోడిమిట్టకు వచ్చాడు. చెప్పులు గట్టు కింద విడిచి, చేనుకు నమస్కారం పెట్టి, గట్టు మీదే నిలబడ్డాడు. సుంకమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"నేలకి సెలవిచ్చినారు, బాగుండాది సార్. కాయ మాత్రం ఆగదు. ముదిరిపోతాండాది, వానొస్తే లోపలే మొలకొస్తాది. మా యత్త కాలం నాటి విత్తనం సార్ అది. మెల్లగా పీకుకుంటాం."

చక్రపాణి గారు శ్రద్ధగా విన్నాడు. "అమ్మా, ఒక ఉద్యోగి సెలవులో ఉన్నాడనుకోండి. మనం పోయి అతని బల్ల సొరుగు తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చునా? తీసుకోరాదు. ఆ కాయలు నేల గారి అధీనంలో ఉన్న దస్త్రములు. వారు తిరిగి విధులలో చేరిన పిదప వారి చేతుల మీదుగానే తీసుకోవలెను."

నేల గారు సెలవులో ఉన్నప్పుడు కాయలెందుకు ఊరుతున్నాయని సుంకమ్మ అడిగింది. అది నిబంధనలకు విరుద్ధమే అయినా, అలవాటు మీద జరిగిన పొరపాటుగా భావించి ప్రస్తుతానికి మన్నిస్తున్నామని ఆయన సెలవిచ్చాడు. వెళ్తూ వెళ్తూ చేనులో పన్నెండు చోట్ల ఇనప డబ్బాలు పెట్టించాడు. నేల కదిలితే అవి గంట కొడతాయి.

మర్నాటి నుంచి గంటలు మొదలయ్యాయి. పొద్దున కొట్టాయి, మధ్యాహ్నం కొట్టాయి, చల్లబడ్డాక ఇంకా గట్టిగా కొట్టాయి. చేనులోకి ఎవరూ దిగలేదని సంగం ఆడవాళ్లంతా ప్రమాణం చేశారు. మస్తాన్ వలీ మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటలు గమనించి, కదిలిస్తున్నది వానపాములని తేల్చాడు. అయిదేళ్లుగా ఈ చేనుకు వచ్చిన పేరంతా వాటి వల్లనే. ఫొటోలతో సహా నివేదికల్లోకి ఎక్కిన వానపాములవి. ఇప్పుడవే, సెలవులో ఉన్న నేలను అనుమతి లేకుండా గుల్ల చేస్తున్నాయి.

నాలుగు రోజుల్లో వాటికి మెమో వచ్చింది. ఎందుకు చర్య తీసుకోరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకోవలెనని అందులో ఉంది. మెమో అందజేయవలసింది మస్తాన్ వలీయే కాబట్టి, అతను గట్టు మీద నిలబడి దాన్ని పెద్దగా చదివి, ఒక ప్రతిని పుల్లకు గుచ్చి పాతబోయాడు. పాతితే నేల కదులుతుందని గుర్తొచ్చి బోరు పైపుకు కట్టాడు. సాక్షులుగా సుంకమ్మ, ఆమె తోడికోడలు ఓబుళమ్మ సంతకాలు పెట్టారు. మూడు రోజులు గడిచినా సంజాయిషీ రాలేదు. తప్పు ఒప్పుకున్నట్టేనని రాసి, చక్రపాణి గారు వానపాములన్నిటినీ పరిపాలనా కారణాల మీద ఎరువు గుంతకు బదిలీ చేశాడు. నేలను కదపకుండా బదిలీ చేయాలి కాబట్టి, వాటంతటవి పైకి వచ్చినవాటినే తీసుకుపోవాలి. వారం రోజులు కాపలా కాస్తే పదకొండు వచ్చాయి. మిగతావి దీర్ఘకాలంగా పరారీలో ఉన్నట్టు నమోదైంది.

ఇంతలో కాయ ముదురుతోంది. ఆకు మీద మచ్చలొచ్చాయి, అడుగాకు రాలుతోంది. సుంకమ్మ గట్టు అంచున ఉన్న ఒక్క మొక్కను, డబ్బాకు వినపడనంత నెమ్మదిగా లాగి, కాయ చిట్లించి చూసింది. పెంకు లోపలివైపు గోధుమ రంగుకు తిరిగి నల్లబారుతోంది. అంటే ఇక రోజులే. అత్త ముఖం కళ్ల ముందు మెదిలింది. ఆ ముసలామె నోటితో ఎప్పుడూ మంచి మాటన్నది లేదు, కోడల్ని ఏడిపించుకు తిన్నది. పోయేటప్పుడు మాత్రం కుండ ఈమె చేతిలోనే పెట్టింది.

పద్దెనిమిదో రోజున చక్రపాణి గారు వసంతోత్సవం ఏర్పాటు చేశాడు. సెలవులో ఉన్న నేలను చూడడానికి నలభై మంది అధికారులు వచ్చారు. వాళ్ల కాళ్లు నేలకు తగలకూడదు కాబట్టి ఊళ్లోని నులకమంచాలన్నీ తెప్పించి వరుసగా వేశారు. మంచంకోళ్లు దిగబడకుండా ఒక్కో కోడు కింద ఒక్కో దిండు పెట్టారు. ఆ వారం బోడిమిట్టలో మంచాలూ లేవు, దిండ్లూ లేవు. అధికారులు మంచం మీంచి మంచం మీదికి అడుగులేస్తూ, నులకలో కాళ్లు ఇరుక్కుంటే ఒకరి భుజం ఒకరు పట్టుకుంటూ, చేను ఈ చివరి నుంచి ఆ చివరికి పోయారు. ఎక్కడ చూసినా 'మెల్లగా మాట్లాడుము' అని బోర్డులు. చక్రపాణి గారు గంటసేపు గుసగుసగా ఉపన్యసించాడు. గాలికి ముందు వరుసకు కూడా వినపడలేదు గాని, అందరూ చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టారు. సుంకమ్మ అందులో పెద్ద అధికారి ఎవరో కనుక్కుని, ఆయన దగ్గరికి పోయి తన చెనిక్కాయ కష్టం చెప్పుకుంది. గుసగుసగానే చెప్పవలసి వచ్చింది. ఆయన చిరునవ్వుతో తలూపి, ఆమెకూ ఉగాది శుభాకాంక్షలు చెప్పి తరవాతి మంచం మీదికి వెళ్లిపోయాడు.

ఇరవయ్యో రోజుకు పడమట మబ్బు కట్టడం మొదలైంది. ఓబుళమ్మకు ఓర్పు నశించింది. అందరం కలిసి ఒక్కసారి చేనులో పడి పీకేద్దాం, గంటలు కొట్టుకుంటే కొట్టుకోనీ, అంది. సుంకమ్మకూ అదే చేయాలనుంది. కాని అలా చేస్తే సంగం నుంచి చేను లాగేసుకుంటామని సెలవు పత్రంలోనే రాసి ఉంది. అయిదేళ్ల మట్టి పోతుంది. పీకకుండా వదిలితే విత్తనం పోతుంది. ఆ మధ్యాహ్నం ఆమె మస్తాన్ వలీని కానుగ చెట్టు కింద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, సెలవు పత్రం మొదటి నుంచి చివరిదాకా చదవమంది.

"అంతా చదివినా గదక్కా."

"ఎనకపక్క చదవలేదు నువ్వు."

వెనకపక్క ఎవరూ చదవలేదు. రాసిన చక్రపాణి గారు కూడా చదివి ఉండడు. ఎప్పటిదో ఒక గుమాస్తా సెలవు పత్రం ముందు పెట్టుకుని, గుమాస్తా పేరున్న చోట నేల పేరు చేర్చి దించేశాడు. మస్తాన్ వలీ చదువుతూ పద్నాలుగో నిబంధన దగ్గరకొచ్చాడు. సెలవులో ఉన్నవారు అస్వస్థులైన పక్షమున వెంటనే శాఖాపరమైన వైద్య పరీక్ష జరిపించవలెను, ఈ పరీక్షకు సెలవు అడ్డు కాదు. సుంకమ్మ అతన్ని అక్కడ ఆపి మళ్లీ చదివించుకుంది. నేలకు వైద్య పరీక్ష అంటే ఏమిటని అడిగింది. ఇంకేముంది, భూసార పరీక్షే కదా అన్నాడు అతను. ఆమెకు శిక్షణలో నేర్పినదంతా కళ్లకు కట్టింది. జానెడు లోతున గుంట తీయాలి, మట్టి ఎత్తాలి, అందులో రాళ్లూ వేళ్లూ చెత్తా ఉంటే ఏరెయ్యాలి.

"అయితే రాయప్పా" అంది సుంకమ్మ. "నేల గారికి ఒంట్లో బాగలేదు. బోరు పక్కన ఇరవై సెంట్లలో తొంభై సాళ్లు, సాలు సాలుకీ పొట్టలో గట్టిగా ఉండలుండలుగా తగులుతాండాయి. రాను రాను గట్టిపడతాండాయి. యాలస్యమైతే చెయ్యి దాటిపోతాది."

మస్తాన్ వలీ కలం పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. ఇందులో అబద్ధమేమీ లేదని తేల్చుకుని రాయడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో తన మనసుకు నచ్చి రాసిన కాగితం అదొక్కటే.

ఆ అర్జీ అందుకున్న చక్రపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. సెలవులో ఉన్నవాళ్లకు జబ్బు చేయడం ఆయనకు కొత్త కాదు. అందులో తొంభై పాళ్లు దొంగ జబ్బులే. ఇది మాత్రం నిజమని ఆయన మనసు చెప్పింది. నోరు తెరిచి అడగలేని మూగ ఉద్యోగి. మర్నాడు ఉదయానికే ఎనిమిది మండలాల నుంచి ముప్ఫై మంది సిబ్బందిని పారలతో సహా రప్పించాడు. సంగం ఆడవాళ్లెవరూ రోగి మీద చెయ్యి వేయరాదని, పరీక్ష ప్రభుత్వోద్యోగులే చేయాలని ఆజ్ఞాపించాడు. వాళ్లలో ఒకతను, మడి అంతటికీ పది చోట్ల మట్టి తీసి కలిపితే చాలు, అదే పద్ధతి, అని చెప్పబోయాడు. చక్రపాణి గారు అతన్ని జాలిగా చూశాడు.

"రోగి తొంభై చోట్ల నొప్పి అంటుంటే పది చోట్ల పరీక్షించి పంపుదుమా? మీ ఇంట్లో వారికైతే అట్లే చేయుదురా?"

అతను తల దించుకుని పార అందుకున్నాడు. ముందు పన్నెండు డబ్బాల నోళ్లు మూయించారు. తరవాత తొంభై సాళ్లనూ ముప్ఫై మంది పంచుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు జానెడు లోతున తవ్వుకుంటూ పోయారు. మొక్కలు కాయల గుత్తులతో సహా పైకి వస్తున్నాయి. వాటినేం చేయాలని ఎవరో అడిగారు. సుంకమ్మ గట్టు మీంచే సమాధానం చెప్పింది, శిక్షణలో నమూనాలోంచి ఏరెయ్యమన్నారు సార్ అని. చక్రపాణి గారు ఒక్క క్షణం ఆలోచించి, రోగి ఒంటి మీది వస్తువులను బంధువులకు అప్పగించి రసీదు పొందవలెనని ఉత్తర్వు చేశాడు. ఇరవై రెండు మంది బంధువులు కానుగ నీడలో బారు తీరి కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక పార పట్టని అధికారులు చెమటలు కక్కుకుంటూ మొక్కలు మోసుకొచ్చి వాళ్ల ముందు వేస్తుంటే, వాళ్లు మట్టి దులిపి కాయలు కోసి తట్టల్లో వేసుకున్నారు. మధ్య మధ్య ఓబుళమ్మ లేచిపోయి, మొదట్లో పట్టుకుని వంచి లాగండి సార్, రోగికి నొప్పి తెలీదు, అని వాళ్లకు నేర్పి వచ్చింది.

సాయంత్రానికి ఎనభై తొమ్మిది సాళ్లయ్యాయి. తొంభయ్యో సాలు సగంలో ఉండగా మొదటి చినుకు పడింది. సుంకమ్మ ఇక ఆగలేక రోగి బంధువునన్న మాట మరిచి చేనులోకి ఉరికింది. ఆపవలసిన చక్రపాణి గారు, పరీక్షకు వర్షం ఆటంకమని కంగారు పడి, పంచె ఎగగట్టి తానే మొక్కలు లాగుతున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే ఆ సాలు ముగించారు. తట్టలు ఇళ్లకు చేరాక వాన దంచి కొట్టింది. సుంకమ్మ తన వసారాలో కూర్చుని ఆ చప్పుడు వింటూ, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది.

పరీక్ష ఫలితం పది రోజులకు వచ్చింది. బోరు పక్క మడిలో మట్టి అపూర్వంగా గుల్లబారి ఉందని, ఎవరో జానెడు లోతున తిరగేసినంత మెత్తగా ఉందని, ఇది కేవలం విశ్రాంతి వల్లనే సాధ్యమైందని ప్రయోగశాల వాళ్లు రాశారు. చక్రపాణి గారికి రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. వచ్చే వసంతం నుంచి జిల్లాలోని నేలలన్నిటికీ సెలవు ప్రతిపాదించారు. పరారీలో ఉన్న వానపాముల మీద చర్య విరమించుకున్నారు.

ఆ శుభవార్త చెప్పడానికి ముప్ఫై ఎనిమిదో రోజున ఆయన సుంకమ్మ ఇంటికే వచ్చాడు. మస్తాన్ వలీ వెంట ఉన్నాడు. మంచినీళ్లు తాగుతూ చక్రపాణి గారు గోడవారగా చూశాడు. బూడిద కలిపి, గుడ్డ కట్టి, పైన మన్ను మెత్తిన కుండలు, ఇంటికొకటి లెక్కన ఇరవై రెండు వరుసగా ఉన్నాయి. చివరిదానికి మాత్రం ఇంకా గుడ్డ కట్టలేదు, లోపలి కాయలు కనపడుతున్నాయి. ఆయన గ్లాసు దించాడు.

"ఇవి రోగి వస్తువులు కావూ? సెలవు ఇంకా రెండు దినములున్నది. ఇవి ఇక్కడ ఏమి చేయుచున్నవి?"

మస్తాన్ వలీ గోడకున్న క్యాలెండరు చూడడంలో మునిగిపోయాడు. వండుకు తింటున్నారంటే ఒక తప్పు, విత్తబోతున్నారంటే ఇంకొక తప్పు. సుంకమ్మ కుండల వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

"ఏం చేయడంలేదు సార్" అంది నెమ్మదిగా. "సెలవులో ఉండాయి. తొలకరి వానకి డ్యూటీలో చేరతాయి."

చక్రపాణి గారి ముఖం విప్పారింది. ఇరవై రెండు కుండలకూ చేతులెత్తి నమస్కరించాడు. తరవాత మస్తాన్ వలీకి వేలు నోటి మీద పెట్టి సైగ చేసి, చప్పుడు కాకుండా బయటికి నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా ఉత్తకాళ్లతో వెళ్లాడు.